మనిషి ఎక్కని విమానము

2022 డిసెంబరు 7వ తేదీన వికారాబాదు జిల్లా మర్పల్లి మండలములోని మొగిలిగుండ్ల పొలములలో ఒక వింత వస్తువు ఆకాశమునుండి దిగినది. పెద్ద గుమ్మటమువలె నున్న దానిని చూచుటకు చుట్టుపట్ల పల్లెలనుండి జనము గుమికూడినారు. పరలోకములనుండి వచ్చిన వాహనమేమోయని కొందరు వెరచినారు. దగ్గరకు పోయి తట్టి చూచినవారును లేకపోలేదు. పిమ్మట తెలిసినదేమనగా, హైదరాబాదులో టాటా మౌలిక పరిశోధన సంస్థ వారికి ఉన్న బెలూను కేంద్రమునుండి ఎగురవేసిన ఒక పెద్ద బెలూనుకు క్రింద వ్రేలాడదీసిన గది అది. స్పెయిను దేశపు సంస్థ యొకటి మనుష్యులను ఆకాశపు మీది పొరలవరకు తీసికొనిపోవలెనని తలపెట్టి, మనుష్యులను ఎక్కించుటకు ముందు, ఖాళీ గదిని పంపి పరీక్షించినది.

లోపల మనిషి లేడు. లేకపోవుటలోనే ఆ ప్రయోగపు వివేకమంతయు ఉన్నది.

మర్పల్లి వైపునుండి హైదరాబాదుకు వచ్చు బాటలో చేవెళ్ళ, మొయినాబాదు తగులును. ఆ బాటకు ఇరుప్రక్కల ఊడలు దిగిన పెద్ద మర్రిచెట్లను శ్రోతలలో చాలమంది చూచియే యుందురు. ఆ ప్రాంతములోనిదే చిన్న మంగళారం అను గ్రామము. జొన్న, పత్తి, కూరగాయలు పండు నేలలు, వాని నడుమ ఎఱ్ఱని చెలకలు, పైన విశాలమైన ఆకాశము. సంక్రాంతి రోజులలో అక్కడి పిల్లలు గాలిపటము నెగురవేయునప్పుడు ఒక సంగతి గమనింపవచ్చును. గాలిపటము గిరికీలు కొట్టిన యెడల పిల్లవాడు దానిని దింపి, తోకకు మరికొంత గుడ్డపేలిక కట్టి, లేక సూత్రము ముడిని ఒక వ్రేలెడు పైకి జరిపి, మరల ఎగురవేయును. చూచుట, మార్చుట, మరల చూచుట: విమానశాస్త్రము పుట్టినది ఈ పనినుండియే. మనిషి తాను ఎక్కకముందు, తనకు బదులుగా ఒక చిన్న వస్తువును గాలిలోనికి పంపి, గాలి స్వభావమును అడిగి తెలిసికొనిన చరిత్రను, ఆ చరిత్రలో విద్యుత్తు ప్రవేశించిన విధమును ఈ ప్రసంగములో కొంత ముచ్చటించెదము.

ఇంగ్లండులో జార్జి కేలీ అను భూస్వామి 1804లో సరిగా ఈ పిల్లవాని పనియే చేసినాడు. సాధారణమైన గాలిపటము నొకదానిని అయిదడుగుల కఱ్ఱకు బిగించి, కఱ్ఱ చివర అడ్డముగను నిలువుగను పలకలు గల తోకను అమర్చి, కొండవాలు మీదనుండి వదలినాడు. రెక్క ముందు, తోక వెనుక, రెంటిని కలుపు కఱ్ఱ నడుమ: నేటి విమానపు ఆకృతి అందులోనే ఉన్నది. పక్షివలె రెక్కలాడించుటయే ఎగురుటకు మార్గమని అందరు నమ్మిన కాలములో, బరువును మోయుట రెక్కపని, ముందుకు నెట్టుట వేరొక యంత్రపు పని అని ఆయన విడదీసి చూపినాడు. మనిషి ఎక్కని ఆ చిన్న బొమ్మ లేకున్నచో ఈ విభజన వట్టి ఊహగా మిగిలియుండెడిది.

తరువాత చెప్పవలసినవాడు ఫ్రాన్సు దేశపు ఆల్ఫాన్సు పెనో. 1871 ఆగస్టు 18వ తేదీన పారిసులోని ట్విలరీ తోటలో పండితుల యెదుట ఆయన ఒక బొమ్మవిమానమును ఎగురవేసినాడు. దాని బరువు 16 గ్రాములు. మెలిపెట్టిన రబ్బరు తాడు విప్పుకొనుచు ప్రొపెల్లరును త్రిప్పును. అది 11 సెకన్లలో సుమారు 40 మీటర్లు ఎగిరినది. ఎగిరిన దూరము స్వల్పమే. అది ఎవరి చేయియు తగులకుండ నిలకడగా ఎగురుటయే గొప్ప. తోకపలకను రెక్కకంటె కొంచెము క్రిందికి వంచి అమర్చుటచేత, ముక్కు ఎత్తిన యెడల దింపుటకు, దించిన యెడల ఎత్తుటకు తోక తనంతట తానే పనిచేసినది. పెనో 30 ఏండ్లకే కన్నుమూసినాడు. ఆయన చూపిన ఆ చిన్న వంపు మాత్రము నేటి ప్రయాణీకుల విమానములలోను నిలిచియున్నది.

ఇక మనిషి తానే ఎక్కి పరీక్షించిన మార్గము కూడ ఒకటి ఉన్నది. జర్మనీ దేశపు ఒట్టో లిలియెంతాలు గుట్టలమీదనుండి స్వయముగా రెక్కలు కట్టుకొని సుమారు రెండువేల పర్యాయములు జారి ఎగిరినాడు. ఆయన సంపాదించిన జ్ఞానము అమూల్యము. కాని 1896 ఆగస్టు 9వ తేదీన గాలి తాకిడికి రెక్క పట్టు తప్పి క్రిందపడి, మరునాడు మరణించినాడు. ఆ చివరి క్షణములలో రెక్కమీద గాలి ఏమి చేసినదో చెప్పగలవాడు ఆయన ఒక్కడే. ఆయనతోనే ఆ సమాచారమును పోయినది.

సరిగా ఆ సంవత్సరమే, మే 6వ తేదీన, అమెరికాలో శామ్యూలు లాంగ్లీ అను ఖగోళశాస్త్రజ్ఞుడు మనిషి లేని మార్గములో జయము పొందినాడు. పొటోమాక్ నదిమీద ఒక పడవ కప్పునుండి వదలిన ఆయన ఆవిరియంత్రపు విమానము, పదకొండు కిలోల బరువు గలది, సుమారు ఒక కిలోమీటరు దూరము ఎగిరి నీటిమీద మెల్లగా వాలినది. టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్ ప్రక్కన నిలిచి చూచినాడు. కాని కథ అంతటితో ముగియలేదు. ఆ నమూనానే పెంచి మనిషిని మోయునట్లు చేసిన లాంగ్లీ విమానము 1903 అక్టోబరు 7న ఒకసారి, డిసెంబరు 8న మరియొకసారి, వదలిన వెంటనే నదిలో కూలినది. రెండుమారులును పైలటు ప్రాణములతో బయటపడినాడు. తొమ్మిది దినముల పిమ్మట, డిసెంబరు 17వ తేదీన, రైటు సోదరులు ఎగిరినారు.

రైటు సోదరులు చిన్న నమూనాలను తక్కువగా చూచినవారు కారు. 1899లో అయిదడుగుల గాలిపటముతోనే రెక్కను మెలిపెట్టి అదుపు చేయు విధమును పరీక్షించినారు. 1900లో కట్టిన గ్లైడరును ఎక్కువ భాగము మనిషి లేకుండ తాళ్ళతో కట్టియే ఎగురవేసినారు. 1901లో ఆరడుగుల చెక్కపెట్టెలో ఫ్యానుతో గాలి విసరి సుమారు 200 రెక్కల ఆకారములను పరీక్షించినారు. అంతకుముందు అందరు వాడుచున్న లెక్కలలో ఒక అంకె తప్పని వారికి అక్కడనే తేలినది. లాంగ్లీ బొమ్మను పెంచినాడు. వీరు బొమ్మనుండి అంకెలను తీసినారు. భేదము ఇక్కడ ఉన్నది.

చిన్నదానిని పెంచినంత మాత్రమున పెద్దది ఎందుకు కాదు? ఈ ప్రశ్నకు సమాధానమును మన ఇంటి వస్తువులతోనే తెలిసికొనవచ్చును. ఒక పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు రెట్టింపైన యెడల దాని పైతలము నాలుగు రెట్లగును. బరువు ఎనిమిది రెట్లగును. రెక్క గాలిని పట్టునది తలముతో, మోయవలసినది బరువును. కనుక పెద్ద విమానము చిన్నదానికంటె వేగముగా ఎగిరినగాని నిలువజాలదు. ఇది మొదటి చిక్కు. నాల్గవ వంతు పరిమాణము గల నమూనాతో పెద్ద విమానపు కదలికలను యథాతథముగా చూడవలెనన్న, నమూనా బరువు 64వ వంతు ఉండవలెను, వేగము సగముండవలెను. అప్పుడు అది ఊగుట, తిరుగుట, దూకుట పెద్దదానివలెనే జరుగును. కాని కాలము సగమునకు కుదించుకొనిపోవును.

రెండవ చిక్కు గాలి జిగటకు సంబంధించినది. ఆస్బోర్ను రేనాల్డ్సు అను ఇంగ్లీషు ఆచార్యుడు 1883లో గాజు గొట్టములలో రంగునీటిని పారించి, ప్రవాహము సాఫీగా పోవుటయు, చెదరి సుడులు తిరుగుటయు ఒక సంఖ్యను బట్టి ఉండునని చూపినాడు. వేగమును పొడవుతో హెచ్చవేసి, ద్రవపు జిగట కొలతతో భాగించిన ఆ సంఖ్య వచ్చును. దానిని రేనాల్డ్సు సంఖ్య అందురు. జానెడు వెడల్పు రెక్క గల బొమ్మవిమానమునకు ఇది రెండు లక్షలకు దగ్గరగా ఉండును. నలుగురెక్కు చిన్న విమానమునకు యాభై లక్షలు. సంఖ్య తగ్గినకొలది గాలి రెక్కకు అంటిపెట్టుకొనక మధ్యలోనే విడిపోవును. పెద్దదానికి మెప్పు తెచ్చిన రెక్క చిన్నదానికి పనికిరాకపోవుటకు ఇదియే కారణము. 1942లో జర్మనీలో ష్మిట్జ్ అను శాస్త్రజ్ఞుడు బొమ్మవిమానముల రెక్కలను ప్రత్యేకముగా పరీక్షించి, ఒక హద్దుకు దిగువ రెక్క గుణము ఉన్నట్టుండి పడిపోవునని గ్రంథస్థము చేసినాడు. పిల్లల ఆటవస్తువను పేరు పోయి, బొమ్మవిమానము శాస్త్రవస్తువైన సందర్భములలో అదియొకటి.

ఈ రెండు చిక్కులను ఒకేమారు తీర్చుట సాధ్యము కాదు. పైని చెప్పిన నాల్గవ వంతు నమూనాకు కదలిక సరిపోయినను, రేనాల్డ్సు సంఖ్య ఎనిమిదవ వంతే. కనుక వివేకి యగు పరిశోధకుడు నమూనాను ఏ ప్రశ్న అడుగవలెనో ముందే నిర్ణయించుకొనును. ఆ ప్రశ్నకు మించి దానిచేత చెప్పించడు.

ఇట్లు సరియైన ప్రశ్న నడిగిన వారిలో డేల్ రీడు కథ చెప్పుకొనదగినది. 1962లో ఆయన అమెరికాలోని ఎడ్వర్డ్సు విమానస్థలములో నాసా వారి యింజనీరు. అంతరిక్షమునుండి తిరిగివచ్చు నౌకకు రెక్కలు లేకుండ, దాని మొండెమే బరువును మోయునట్లు చేయవచ్చునా యనునది ఆనాటి ప్రశ్న. సగము కోసిన కోనువంటి ఆ ఆకారము తిన్నగా ఎగురునని నమ్మినవారు తక్కువ. రీడు ఒక చిన్న నమూనాను స్వయముగా కట్టి, రేడియో అదుపు గల మరొక బొమ్మవిమానముచేత లాగించి, పైన విడిచిపెట్టినాడు. అది నిలకడగా దిగివచ్చినది. ఆయన భార్య ఇంటి కెమెరాతో దానిని చిత్రము తీసినది. ఆ చిత్రమును చూచిన పిమ్మటనే కేంద్రపు అధికారి పాల్ బిక్లే పెద్దదానిని కట్టుటకు సమ్మతించినాడు. ప్లైవుడ్డుతో కట్టిన ఆ పెద్ద వాహనము 1963లో మొదట మోటారుకారు వెంట, ఆగస్టు 16న విమానము వెంట లాగబడి ఎగిరినది. కోట్ల డాలర్ల పథకమునకు దారి తీసినది ఇంటి పెరటిలో పుట్టిన బొమ్మ.

పదేండ్ల తరువాత అదే చోట మరియొక సంగతి. ఎఫ్-15 యుద్ధవిమానము గింగిరాలు తిరుగుచు పడిపోవు స్థితికి వచ్చిన యెడల ఎట్లు ప్రవర్తించునో తెలిసికొనవలెను. పైలటును పంపి తెలిసికొనుట ప్రమాదము. ఎనిమిదింట మూడు వంతుల పరిమాణములో, యంత్రము లేని నమూనాను కట్టి, 1973 అక్టోబరు 12న పెద్ద బాంబరు రెక్క క్రిందనుండి వదలినారు. నేలమీద కూర్చున్న పైలటు దానిని నడిపినాడు. ఒక్కొక్క నమూనాకు రెండున్నర లక్షల డాలర్లకు కొంచెము పైగా వ్యయమైనది. అసలు విమానము ఒక్కదాని వెల 68 లక్షల డాలర్లు. ధనము మిగులుట ఒక లాభము. ప్రాణము పణముగా పెట్టకుండుట దానికంటె పెద్ద లాభము.

ఇంతవరకు రబ్బరు, ఆవిరి, భూమ్యాకర్షణ పనిచేసినవి. విద్యుత్తు ఎప్పుడు వచ్చినది? ఆశ్చర్యమేమనగా, అది పెట్రోలుకంటె ముందే వచ్చినది. 1883లో ఫ్రాన్సులో టిస్సాండియే సోదరులు విద్యుత్ మోటారుతో బెలూనునౌకను నడిపినారు. మరుసటి ఏడు, ఆగస్టు 9వ తేదీన, రెనారు, క్రెబ్సు అను సైనికాధికారుల నౌక 23 నిమిషములలో 8 కిలోమీటర్లు తిరిగి, బయలుదేరిన చోటికే వచ్చినది. పిమ్మట బ్యాటరీల బరువే దానికి శత్రువైనది. పెట్రోలు యంత్రము పైచేయి పొంది, విద్యుద్విమానము డెబ్బది సంవత్సరములు అజ్ఞాతవాసము చేసినది.

1957 జూన్ 30న ఇంగ్లండులో కర్నల్ టాప్లిన్ వెండి, జింకు బ్యాటరీతో రేడియో అదుపు గల బొమ్మవిమానమును ఎగురవేసి మరల తలుపు తట్టినారు. 1973 అక్టోబరు 21న ఆస్ట్రియాలో, ఫ్రెడ్ మిలిట్కీ పథకము ప్రకారము, మనిషిని మోసిన విద్యుద్విమానము కొద్ది నిమిషములపాటు ఎగిరినది. ఈ మిలిట్కీయును బొమ్మవిమానములతో చేయి తిరిగినవాడే. 1974 నవంబరు 4న అమెరికాలో రాబర్టు బౌచర్ కట్టిన సన్‌రైజు అను విమానము, 32 అడుగుల రెక్కమీద పరచిన సూర్యఫలకములతో, మనిషి లేకుండ ఎగిరినది. సూర్యుని వెలుగుతో ఎగిరిన తొలి విమానము అదియే.

అటుపిమ్మట మూడు వస్తువులు కాలగతిని మార్చినవి. 1980లలో వచ్చిన నియోడిమియము అయస్కాంతములు మోటారును చిన్నది చేసినవి. 1991లో బజారుకు వచ్చిన లిథియం అయాన్ బ్యాటరీ బరువును తగ్గించినది. దానికి కారకులైన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమతి లభించినది. చేతి టెలిఫోనుల కొరకు తయారైన గోరంత సున్నితపు పరికరములు విమానపు వాలును, వేగమును, ఎత్తును క్షణమునకు అనేక పర్యాయములు కొలిచి వ్రాసిపెట్టుటకు అక్కరకు వచ్చినవి.

అయినను లెక్క నిష్కర్షగా చూడవలెను. కిలో పెట్రోలులో సుమారు 12,000 వాట్ గంటల శక్తి యుండగా, కిలో లిథియం బ్యాటరీలో 200 మాత్రమే. చిన్న యంత్రము పెట్రోలు శక్తిలో నాలుగైదింట మూడు నాలుగు పాళ్ళు వేడిగా పోగొట్టుననియు, విద్యుత్ మోటారు పోగొట్టునది స్వల్పమనియు పరిగణించినను, వ్యత్యాసము సుమారు పదిహేను రెట్లుండును. దూరప్రయాణమునకు ఇది లోపమే. కాని గాలిని పరిశోధించుటకు విద్యుద్విమానమునకు గల సుగుణములు వేరు. పెట్రోలు తరిగినకొలది విమానపు బరువు, బరువు నిలుచు స్థానము మారుచుండును. బ్యాటరీ ఖాళీయైనను దాని బరువు తగ్గదు. యంత్రపు అదురు లేదు గనుక కొలతలు చెదరవు. వోల్టులను ఆంపియర్లతో హెచ్చవేసిన వాడిన శక్తి వెంటనే తేలును. అన్నిటికిని మించి, మోటారును ఆకాశములో ఆపి, ప్రొపెల్లరును ముడిచి, నిశ్శబ్దముగా జారనిచ్చి, మరల అవసరమైనప్పుడు నడిపింపవచ్చును.

ఈ గుణముల శిఖరమును, హద్దును ఒకే విమానము చూపినది. అమెరికాలో పాల్ మెక్రెడీ స్థాపించిన సంస్థ నాసా కొరకు కట్టిన హీలియోసు, మనిషి లేని సూర్యవిద్యుద్విమానము. రెక్క 247 అడుగులు. బోయింగు 747 రెక్కలకంటె పొడవు. 2001 ఆగస్టు 13న 14 మోటార్లతో అది 96,863 అడుగుల ఎత్తు నందుకొనినది. 2003లో, రాత్రియు ఎగురునట్లు చేయదలచి, దానికి బరువైన ఇంధనఘటమును, ట్యాంకులను అమర్చినారు. ఆ జూన్ 26న హవాయి ద్వీపములలో బయలుదేరిన అరగంటకు గాలి అలజడిలో రెక్క ధనుస్సువలె పైకి వంగినది. వంగిన రెక్క ముక్కును క్రిందికి మీదికి ఊపసాగినది. ఊపు ఊపునకు హెచ్చినది. వేగము హద్దు దాటి, పైపొర చిరిగి, సముద్రములో పడినది. విచారణ జరిపినవారు తేల్చిన ముఖ్యాంశము: బరువుల అమరికను మార్చినప్పుడు రెక్క వంగుట, గాలి వీచుట, అదుపు యంత్రము పనిచేయుట, ఈ మూటిని కాలక్రమములో కలిపి చూడగల లెక్కలు వారియొద్ద చాలలేదు. విమానము పోయినది, కొలతలు మాత్రము భద్రముగా నేలకు చేరియున్నవి. ఆ కొలతలను పంచుకొని తరువాతివారు లెక్కలను సరిదిద్దుకొనగలిగినారు. లిలియెంతాలుతో పోయినది హీలియోసుతో పోలేదు. నూరేండ్ల ఈ చరిత్రలో మనిషి సాధించినదేమని ఎవరైన అడిగిన యెడల, మేము ఈ మాటయే చెప్పుదుము.

మన దేశపు సంగతి కొంత చూతము. 1959లో స్థాపితమైన జాతీయ వైమానిక పరిశోధనాలయము బెంగుళూరులో పెద్ద వాయుసొరంగమును 1967లో నెలకొల్పినది. విమానముల, రాకెట్ల నమూనాలను అందులో నిలిపి గాలి విసరి పరీక్షించినారు. అదే సంస్థ వారు 2024 ఫిబ్రవరిలో కర్ణాటకలోని చల్లకెరెలో, మనిషి లేని సూర్యవిద్యుద్విమానపు చిన్న నమూనాను ఎనిమిదిన్నర గంటలపాటు ఎగురవేసినారు. దాని బరువు 23 కిలోలు. పెద్దదానిని కట్టుటకు ముందు చిన్నదానిని అడిగి చూచు కేలీనాటి పద్ధతియే ఇది.

మన తెలుగునాట 2021 సెప్టెంబరు 11న వికారాబాదులో ఆకాశమార్గమున మందులు చేరవేయు పరీక్ష ఆరంభమైనది. నడుపువాని కంటిచూపు దాటిన దూరమునకు విద్యుద్విమానములచేత టీకాలను, మందులను ప్రాథమిక ఆరోగ్యకేంద్రములకు పంపి చూచినారు. 2022 జూలైలో సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ ఆవరణలో, చోదకుడు లేక నడచు వాహనములను, విమానములను పరీక్షించు క్షేత్రము ప్రారంభమైనది. చిన్న మంగళారం ఈ రెండు చోట్లకును దూరము కాదు. కనుక ఈ విద్య మనకు పరాయిదని తలపవలసిన పనిలేదు.

అక్కడి చెలకలో ఇట్టి పరిశోధన ఎట్లుండునో ఒకమారు ఊహింతము. కొందరు విద్యార్థులు రెండు మీటర్ల రెక్క, రెండు కిలోల బరువు గల విద్యుద్విమానమును కట్టినారనుకొందము. అది గంటకు 40 కిలోమీటర్ల వేగముతో ఎగురును. గాలి నిరోధము బరువులో పదింట ఒక వంతైన, సమతలముగా ఎగురుటకు సుమారు 22 వాట్లు చాలును. ఒక పాతకాలపు చిన్న దీపమునకు కావలసినంత. నూరు మీటర్ల ఎత్తున మోటారు నాపి జారవిడిచిన, అది దిగుటకు 90 సెకన్లు పట్టును. రెక్క కొనను మార్చి మరల విడిచినప్పుడు 99 సెకన్లు పట్టినచో నిరోధము తగ్గినదన్నమాట. చూచుటకు ఇంత సులభము.

కాని ఎండ యెక్కిన పిమ్మట ఎఱ్ఱమన్ను వేడెక్కి, గాలి క్రిందినుండి పైకి లేచును. సెకనుకు ఒక అడుగు వేగముతో లేచిన గాలియైనను చాలు. విమానము దిగు వేగములో అది నాల్గవ వంతుకంటె ఎక్కువ. కొత్త రెక్కకు లేని గొప్పతనమును ఆ గాలి అంటగట్టగలదు. కావున పరిశోధకుడు తెల్లవారుజామున, మర్రియాకు కదలని వేళ, పొలము చేరవలెను. పాత రెక్కతో పది పర్యాయములు, కొత్తదానితో పది పర్యాయములు, మార్చి మార్చి ఎగురవేయవలెను. రెక్కమీద ఊలుదారపు పోగులు అంటించి, అవి ఎక్కడ లేచి చెదరునో చిత్రము తీసి, గాలి విడిపోవు చోటును గుర్తింపవలెను. సముద్రమట్టమునకు అయిదారు వందల మీటర్ల ఎత్తున నున్న ఆ నేలమీద గాలి కొంత పలుచన. ఆ సవరణను లెక్కలో చేర్చవలెను. విమానము పడిపోయిన దినమున కూడ పుస్తకములో ఆ దినపు పుటను నింపవలెను. ఇష్టమైన ఫలితమును మాత్రమే వ్రాసికొనిన పుస్తకముకంటె ఖాళీ పుస్తకము మేలు.

వీనికన్నిటికిని ముందు మరియొక పని ఉన్నది. విమానములో మనిషి లేకున్నను, దాని క్రింద ఉన్నారు. కలుపు తీయు స్త్రీలు, పసులకాపరులు, బడికి పోవు పిల్లలు ఉన్నారు. రెండు కిలోల బరువు నూరు మీటర్లనుండి పడిన ప్రాణాపాయమే. 2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోను నిబంధనలు, పరిశోధన చేయు సంస్థలకును విద్యాలయములకును కొన్ని అనుమతుల బెడద తప్పించినవి. అయితే తమ ఆవరణలోనో, తమ అదుపులో ఉన్న బహిరంగ స్థలములోనో, అభ్యంతరము లేని ఆకాశభాగములోనే ఎగురవేయవలెనని హద్దు పెట్టినవి. ఈ హద్దు చట్టముకొరకు మాత్రమే కాదు. రైతును ముందుగా కలిసి, ఏమి ఎగురవేయుచున్నామో, ఎందుకో, ఎప్పుడో చెప్పి, ఆయన సమ్మతి పొందిన పిమ్మట పొలములో అడుగుపెట్టుట మర్యాద. మొగిలిగుండ్ల జనమునకు ముందే ఒక మాట తెలిసియుండిన, వారు భయపడుటకు బదులు పరికరములకు కావలి యుండెడివారు.

కేలీ కొండవాలు, పెనో తోట, లాంగ్లీ నది, రీడు పెరడు: ఇవియన్నియు మొదట సామాన్యమైన చోట్లే. ఓర్పుతో కొలిచినవారు, కొలిచినదానిని దాచక వ్రాసినవారు వానికి చరిత్రలో స్థానము కల్పించినారు. మన చెలకలకును అట్టి వారు కావలెను. గాలిపటపు తోకకు పేలిక కట్టుచున్న పిల్లవాని చేతికి ఒక గడియారమును, ఒక నోటుపుస్తకమును ఇచ్చి, ఎన్ని సెకన్లు ఎగిరినదో వ్రాయుమని చెప్పుటతో మనము ప్రారంభింపవచ్చును.